బోరింగు నుంచి ఏడో జాగ

ప్రింటరు ఆగేదాకా సంగప్ప కూర్చోలేదు. చెప్పులు గది బయట విడిచి, మునివేళ్ళ మీద నడిచి లోపలికొచ్చి, కాగితం మీద ఒక్కొక్క పేరే పడుతుంటే నడుం వంచి చూస్తున్నాడు. నారాయణఖేడ్ అంగట్లో గంపకింతని తైబజారు పన్ను వసూలు చేసే మనిషి అతను. గంపల ముందు నిటారుగా నిలబడి చెయ్యి చాపడమే తప్ప ఇలా వంగి నిలబడటం అతనికి అలవాటు లేదు.

"నలభై మూడు పేర్లు. చూసుకోండ్రి," అంది జగదేవి, కాగితం రెండు అంచులా ఉన్న చిల్లుల పట్టీలను మెల్లగా చింపుతూ.

"అక్కమ్మ పేరు తీసేసినవు గదా? ఆమె పోయి రెండేండ్లాయె."

"తీసేసిన. ఏబీసీడీల ప్రకారం పెట్టిన. ఎవ్వల పేరు కావాలన్నా ఇట్టె దొరుకుతది."

"గిదే కావాలె నాకు!" సంగప్ప కాగితాన్ని పెళ్ళిపత్రికలా రెండు చేతులా పట్టుకున్నాడు. "రేపు పొద్దుగాల్నే సున్నంతోని నెంబర్లు ఏయిస్త. బోరింగు కాడ ఒకటి, ఆన్నించి వరుసగ. ఎవ్వలు ఇచ్చిండ్రు, ఎవ్వలు ఎగ్గొట్టిండ్రు, ఒక్క చూపుల తెలుస్తది."

సున్నంతో నెంబర్లన్న మాట జగదేవి విన్నది. పట్టించుకోలేదు. పేర్లు అడ్డదిడ్డంగా కొడితే ఒక్క ఆజ్ఞకు అవన్నీ లేచి వరుసకట్టిన ముచ్చటే ఆమెకింకా తీరలేదు. మూడో నెంబరు దగ్గర, అంగట్లో చింతపండు అమ్మే తల్లి బసమ్మ పేరు చూసుకుని కాస్త మురిసింది కూడా. నలభై మందిలో మూడోది కావడం ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ జరగలేదు.

సంగప్ప మెట్లు దిగిపోగానే సంగమేశ్వర్ లోపలి బల్ల దగ్గర నుంచి తలెత్తాడు. బస్టాండు ఎదురుగా, బట్టల దుకాణం మీది గదిలో నడిచే ఆ కంప్యూటర్ సెంటర్ ఆయనది. రెండు మిషన్లు, ఒక ప్రింటరు, వాటికి ఆయన భార్య కుట్టిచ్చిన పూల గుడ్డ ముసుగులు. ఫ్లాపీలకు దుమ్ము తగలకుండా స్టీలు టిఫిను డబ్బాలో పెడతాడు. ఒకసారి అన్నం డబ్బా అనుకుని దాన్నే పట్టుకుని ఇంటికి పోయాడు కూడా.

"అంగడి పని అయిపోయింది గదా. ఇగ హైదరాబాదుది చూడు. శనివారం పొద్దుగాల బస్సుకు పోవాలె," అన్నాడు.

"అయిపోవచ్చింది సార్."

"వాళ్ళ పాత రికార్డులన్నిటి మీద నడిపిస్తరట. పాసైతె సాలంత, పన్నెండు నెలలు, ఆ పని మనదే. నీకు నెలకింతని జీతం పెడత. లేదంటె గీ రెండో మిషిను నెలాఖరుకు జహీరాబాదు తీస్కపోతరు."

మిషను పోతే దాని ముందున్న కుర్చీ కూడా పోతుందని ఆయన అనలేదు. అననక్కర లేదు. జగదేవికి ఆ కుర్చీ కావాలి. పొద్దున్నే వచ్చి ముసుగు తీసి, తెర తుడిచి, కిటికీలోంచి బీదరు బస్సు పోయిందా లేదా చూసుకుని పని మొదలుపెట్టడం కావాలి. హైదరాబాదులో హాస్టల్లో ఆరుగురితో ఒక గదిలో ఉండి ఇదే పని చేసుకునే దోస్తులు ఆమెకున్నారు. వాళ్ళు రమ్మని రాస్తూనే ఉన్నారు. ఆమెకు ఇక్కడే బాగుంది, అంతే.

పని చూస్తే చిన్నదే. గల్ఫులో ఉన్నవాళ్ళు పంపే డబ్బును ఇక్కడి ఇళ్ళకు చేర్చే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉంది. వాళ్ళ ప్రోగ్రాములన్నీ అవసరమైనప్పుడు పిలిచి వాడుకునే ముక్కలను ఒకచోట చేర్చి పెడతారు, దాన్ని లైబ్రరీ అంటారు. ఆ లైబ్రరీలో ఏది ఏ దేశం డబ్బో చెప్పే ముక్క జగదేవి చేతికి వచ్చింది. ఆపరేటర్లు ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా పేర్లు కొడితే మిషను తికమక పడుతుంది. అందుకని పేర్లు ముందే ఖాయం చేసి పెడతారు. పది కరెన్సీలు, పదింటికీ మూడక్షరాల కోడ్లు, ఒక వరుస. ఆ వరుసలో లేనిదాన్ని మిషను ఒప్పుకోదు. సీ భాషలో దీన్ని ఈనమ్ అంటారు. చదివే మనిషికి పేరు కనిపిస్తుంది గాని, మిషను తన లోపల దాచుకునేది వరుసలో దాని నెంబరు మాత్రమే. దుబాయి దిర్హమ్ ఒకటి, బహ్రెయిన్ దీనార్ రెండు, జర్మనీ మార్కు మూడు, ఇంగ్లండు పౌండు నాలుగు, మన రూపాయి ఐదు, కువైట్ దీనార్ ఆరు, ఒమన్ రియాల్ ఏడు, ఖతార్ ఎనిమిది, సౌదీ తొమ్మిది, అమెరికా డాలరు పది.

రాబోయే జనవరి ఒకటి నుంచి యూరప్‌లో యూరో అని కొత్త డబ్బు వస్తోంది. దాన్ని వరుసలో చేర్చాలి. కోడ్లు ఏబీసీడీ వరుసలోనే ఉండాలని హైదరాబాదు వాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. జగదేవి జర్మనీ మార్కుకూ ఇంగ్లండు పౌండుకూ నడుమ ఒక గీత ఖాళీ చేసి అక్కడ యూరోను కూర్చోబెట్టింది. మిగతావాటిని ఆమె ముట్టుకోనే లేదు. ఒమన్ మీదుగా చూపు పోయినప్పుడు మస్కట్‌లో ఉన్న సాలమ్మ కొడుకు గుర్తొచ్చాడు. అంగట్లో అందరూ సాలవ్వ అని పిలిచే ఆమె తల్లి పక్కనే కూర్చుని తాళ్ళు అమ్ముతుంది.

కొత్త రికార్డులు నాలుగు తానే కొట్టి, నడిపి చూసింది. యూరో యూరోగానే వచ్చింది, డాలరు డాలరుగానే వచ్చింది. సంగమేశ్వర్ వచ్చి వెనక నిలబడి చూసి, "శభాష్," అన్నాడు. ఆయన నోట ఆ మాట ఆర్నెల్లకోసారి వస్తుంది. జగదేవి ఇంటికి పోయేటప్పుడు తోవ పొడుగునా దాన్ని నెమరేసుకుంది.

మర్నాడు గురువారం, వారపు అంగడి.

మధ్యాహ్నం రొట్టెలు, పుంటికూర మూటగట్టుకుని జగదేవి తల్లి దగ్గరికి బయల్దేరింది. అంగడి మొదట్లో, రోడ్డు పక్కన బోరింగు ఉంది. దాని గట్టు నుంచి మొదలుపెట్టి నేల మీద తెల్లటి సున్నం అంకెలు, చుట్టూ గుండ్రాలు. ఒకటి, రెండు, మూడు. అంకెలు చక్కగా వేశారు. మూడో గుండ్రంలో తల్లి చింతపండు గంపలు ఉండాలి. అక్కడ కుండలమ్మే ఎల్లవ్వ ఉంది, ఉత్సాహంగా బేరం చేస్తోంది.

జగదేవి ముందుకు నడిచింది. తల్లి ఎప్పటి జాగలోనే, ఎనిమిదో జాగలో, ఎనిమిదన్న సున్నం అంకె మీదే గోనెసంచి పరిచి కూర్చుంది. ఎదురుగా సంగప్ప కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"నీది మూడో నెంబరు బసవ్వా. రోడ్డు పక్కన, ముంగట. నీకు ఫాయిదానే గదా! ఎందుకు జరగవు?"

"ఎల్లవ్వకు ఎనిమిది ఇచ్చినవు. ఆమెను మూడుల కూసోవెట్టిన. ఆమె ఖుష్, నేను ఖుష్. నీకేం బాధ?"

"మిషిన్ల వచ్చిన లిస్టు ఇది!"

"మిషిను చింతపండు కొంటదా? నా కాడ కొనేటోళ్ళు ఎనిమిదో జాగకొస్తరు. నేను మూడుల కూసుంటె వాళ్ళకెట్ల ఎరుక? సరే, నా ముచ్చట ఇడిసిపెట్టు. గా సాలవ్వ ఏం పాపం జేసిందని మోరీ కాడ పడేసినవు?"

"నేనెందుకేస్త? ఎస్సు ఆఖర్లొస్తదట. సాలవ్వ, సత్తెవ్వ, సిద్దవ్వ, అందరు ఆడికే." సంగప్పకు అప్పుడు జగదేవి కనిపించింది. మునిగేవాడికి ఒడ్డు దొరికినట్టయింది. "అగో, లిస్టు చేసిన మనిషే వచ్చింది! నీ బిడ్డనే అడుగు!"

బసమ్మ కూతురి వైపు చూసింది. కోప్పడలేదు. చేతిలోని తక్కెడను మెల్లగా గంపలో పెట్టింది. "నువ్వు చేసినవా?" అని మాత్రం అడిగింది. జగదేవికి రొట్టెల మూట ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నిన్న మురిసిన మురిపెమంతా ఇప్పుడు చెవుల్లో వేడిగా తగిలింది.

ఆ అంగట్లో పేర్లతో పని తక్కువ. కంగ్టి నుంచి, కల్హేర్ నుంచి వచ్చేవాళ్ళకు బోరింగు నుంచి ఎన్నోది అన్నదే గుర్తు. ఇంట్లో ఆడవాళ్ళు మగవాళ్ళను పంపేటప్పుడు 'ఎనిమిదో జాగల చింతపండు, పన్నెండుల బెల్లం' అని చెప్పి పంపుతారు. జగదేవి అది పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. మరీ దగ్గరిది కావడం వల్లనేమో, మిషను ముందు కూర్చున్నప్పుడు తట్టలేదు.

అప్పుడు సంగయ్య వచ్చాడు. కంగ్టి వైపు ముసలాయన. కళ్ళు సరిగ్గా ఆనవు. బోరింగు గొట్టాన్ని చేత్తో తడిమి, అక్కడి నుంచి ఒక్కొక్క గంప ముందూ కర్ర తాటిస్తూ లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడు. "నాలుగు... అయిదు... ఆరు... ఏడు." ఆగాడు. నేల మీది అంకె ఆయనకు కనిపించదు, కనిపించినా చదవలేడు. గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు.

"తయారైందా? ఇయ్యి."

ఏడో జాగలో వెల్లుల్లి గంప ముందు కూర్చున్నది ఎల్లిగడ్డలమ్మే దేవప్ప. పొద్దున్నే సున్నం వేసినవాళ్ళు కూర్చోబెట్టిన చోట కూర్చున్నాడు. "ఏంది తాతా, ఇచ్చేది?"

"గంట."

"ఏం గంట?"

"ఏం గంట అంటవేంది? పోయిన అంగడినాడు నీ చేతికి ఇచ్చిన గదా! నా ఎద్దు మెడగంట. కొత్త పట్టెడ కట్టియ్యమన్న. ఏడో జాగలనే ఇచ్చిన."

"నాకియ్యలే తాతా, నేను ఎల్లిగడ్డలు..."

"ఇత్తడిది! మా నాయిన కొన్నది!" ముసలాయన గొంతు పెరిగింది. "కండ్లు కనవడనోణ్ణి చేసి మింగుతవా?"

నలుగురు పోగయ్యారు. దేవప్ప ఇరవై ఏళ్ళుగా ఎల్లిగడ్డలమ్ముతున్నాడు. మొగ్గు ఎప్పుడూ కొనేవాళ్ళ వైపే పెడతాడు. అలాంటి మనిషి నలుగురిలో దొంగ అనిపించుకుని, తన గంప బోర్లించి ఎల్లిగడ్డలన్నీ నేల మీద పోసి, "చూడండ్రి, ఉంటె తీస్కోండ్రి," అన్నాడు. సంగప్ప కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

జగదేవికి ఒక్కసారిగా సిగ్గేసింది. వెంటనే ముసలాయన కర్ర కొస పట్టుకుంది. "దేవప్ప కాక కాదు తాతా. పోయిన అంగడికి ఏడుల ఉన్నది సాలవ్వ. తప్పు నా లిస్టుల అయింది. నా ఎంబడి రా."

అంగడి చివర, గోడ మలుపులో, మురుగు మోరీ పక్కన సాలమ్మ కూర్చుని ఉంది. తాళ్ళ కట్టలు పొద్దున ఎలా పేర్చిందో అలాగే ఉన్నాయి. ఒళ్ళో చీర చెంగులో చుట్టిన గంట. కొత్త పట్టెడకు ఎర్రటి ఉన్ని కుచ్చు కూడా కుట్టింది.

"వచ్చినవా తాతా? నీకు తోవ దొరకదని పొద్దటి సంది కొట్లాడుతున్న నాలో నేనే," అంది సాలమ్మ. "బోరింగు కాడికొద్దామంటె గంప కాడ ఎవ్వలుంటరు?" తర్వాత జగదేవిని చూసి నవ్వింది. "మిషిన్ల మా అందరి పేర్లు కొట్టినవంట గదా బిడ్డా. నా పేరు కూడ వచ్చిందా?"

వచ్చిందని జగదేవి తల ఊపింది. సాలమ్మ ఆ మాట మెచ్చుకోలుగానే అడిగింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ముసలాయన గంటను చెవి దగ్గర పెట్టి ఒకసారి మోగించుకుని, తిరిగి వెళ్ళి దేవప్ప ముందు నిలబడ్డాడు. "కోపం చేయకు కొడుకా. నేను ఏడు లెక్కవెట్టిన, ఏడు తప్పలే," అన్నాడు.

నేల మీద చెల్లాచెదురైన ఎల్లిగడ్డలు ఏరుతున్న జగదేవి చేతులు ఆగిపోయాయి. ఆయన ఏడు తప్పలేదు. పోయిన వారం ఏడు అని దాచుకున్నాడు, ఈ వారం ఏడు దగ్గరికే వచ్చాడు. వరుసే ఆయనకు చెప్పకుండా జరిగిపోయింది. వరుసలో ఏడోది ఒమన్ రియాల్. నడుమ యూరోను కూర్చోబెట్టాక ఏడోది ఏది?

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఏడో వేలు దగ్గర కువైట్ దీనార్ వచ్చింది.

"అవ్వా, రొట్టెలు ఆడ పెట్టిన. నేను సెంటరుకు పోతున్న."

"తినిపో!"

ఆమె అప్పటికే బోరింగు దాటింది.

సెంటర్‌లో సంగమేశ్వర్ లేడు, భోజనానికి పోయాడు. చెప్పులు ఎక్కడ విడిచిందో కూడా చూసుకోకుండా జగదేవి టిఫిను డబ్బా తెరిచింది. హైదరాబాదు వాళ్ళు నమూనాకని ఇచ్చిన పాత రికార్డుల ఫ్లాపీ అందులోనే ఉంది. నిన్న దాన్ని తీయనే లేదు. తాను కొట్టిన కొత్త రికార్డులు నాలుగూ సరిపోయాయి గదా అనుకుంది. ఫ్లాపీ దూర్చి, తన ప్రోగ్రామును దాని మీద నడిపింది.

మొదటి గీత దుబాయి, సరిగ్గానే ఉంది. రెండోది బహ్రెయిన్, సరే. జర్మనీ మార్కు దాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత ఒక్కటీ తన జాగలో లేదు. మస్కట్ నుంచి ఎవరో పంపిన ఎనభై రియాళ్ళు కువైట్ దీనార్లయి కూర్చున్నాయి. డాలర్లు పంపినవాడు సౌదీ రియాళ్ళు పంపినట్టుంది. ఇక్కడి రూపాయలు ఇంగ్లండు పౌండ్లయ్యాయి. ఇంకా ఘోరం, సౌదీ ఖతార్‌గా మారింది. రెండింటి ధరా దగ్గరదగ్గర కాబట్టి అది ఎన్ని నెలలైనా ఎవరి కంటా పడేది కాదు. ఒక్క పేరు నడుమ కూర్చోబెట్టినందుకు ఇంత జరిగింది. శనివారం హైదరాబాదులో వాళ్ళ నాలుగు వేల రికార్డుల మీద ఇదే నడిచేది.

ఆమె ఒమన్ గీత మీద వేలు పెట్టి మళ్ళీ ఒకసారి చూసుకుంది. భయం ఉంది గాని, దానితోబాటు విచిత్రంగా ఒక సంతోషం కూడా కలిగింది. తప్పు దొరికింది. శనివారం రాకముందే, తన చేతికే దొరికింది.

సంగమేశ్వర్ పాన్ నములుతూ మెట్లెక్కి వచ్చాడు. జగదేవి లేచి నిలబడి, "సార్, నిన్న శభాష్ అన్నరు గదా, అది వాపస్ తీస్కోండ్రి," అంది. తెర చూపించింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. పాన్ నమలడం ఆపేశాడు. "వాళ్ళే గద ఏబీసీడీ వరుస అడిగింది," అన్నాడు.

"చూసేటోళ్ళకు ఏబీసీడీలు కావాలె. చూపించేటప్పుడు సర్ది చూపిద్దాం, దానికి వేరే లిస్టు పెడత. కాని లోపలి నెంబరు జరగొద్దు సార్. కొత్తగొచ్చినోళ్ళు ఆఖర్ల కూసోవాలె. యూరోకు పదకొండు ఇస్త."

"వాళ్ళ కాగితంల అట్ల లేదు. రూల్ తప్పిండ్రని పక్కకు పెడితే?" ఆయన లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. "ఇంకొకటి చేయరాదా? జర్మనీ మార్కు ఎట్లాగూ కొన్నేండ్లల్ల పోతది. దాన్ని తీసి ఆ జాగల యూరో పెట్టు. వరుస చెడది, ఎవ్వలు జరగరు."

జగదేవి ఒక్క క్షణం ఆలోచించింది. ఆ మాట బాగానే వినిపించింది. అయితే వెంటనే అంగట్లో ఐదో జాగ గుర్తొచ్చింది. అక్కమ్మ జాగ. ఆమె చనిపోయిన నాటి నుంచి అక్కడ ఒక రాయి, రాయి కింద మడతపెట్టిన గోనె ఉండేవి. జాగ ఖాళీగానే ఉండేది గాని లెక్కలో మాత్రం ఐదో జాగే. లెక్కపెట్టుకుంటూ వచ్చేవాళ్ళు ఆ రాయిని కూడా లెక్కపెట్టేవాళ్ళు. నిన్న సంగప్ప ఆ పేరు తీయించాడు. రాయి పొద్దున పక్కకు దొర్లించి ఉంది.

"వద్దు సార్. పాత రికార్డులల్ల మార్కులు మార్కులే. ఆ జాగల యూరోను పెడితె అవన్ని యూరోలైతయి. ఖాళీ అయినా సరే, ఆ నెంబరు ఇంకొకరికి ఇయ్యొద్దు."

"ఇది ఏ పుస్తకంల సదివినవు?"

"పుస్తకంల కాదు. అంగట్ల."

సంగమేశ్వర్ ఆమె ముఖం చూశాడు. ఆయనా నారాయణఖేడ్ మనిషే. వాళ్ళమ్మ కూడా ఆయన్ను చిన్నప్పుడు పన్నెండో జాగకే పంపేది బెల్లానికి. చివరికి, "చెయ్యి," అన్నాడు. "వాళ్ళు ఏమన్నా అంటె నేను చెప్పుకుంట."

ఆ సాయంత్రమూ, మర్నాడు శుక్రవారమూ జగదేవి కుర్చీ దిగలేదు. ఈసారి వరుసను మిషను ఇష్టానికి వదల్లేదు. ప్రతి పేరు పక్కనా దాని నెంబరు తన చేత్తో రాసింది, ఒకటి, రెండు, మూడు అని. ఇక నడుమ ఎవరు దూరినా ఎవరూ జరగరు. యూరో పక్కన పదకొండు. ఆపరేటర్లకు తెర మీద చూపించే లిస్టు వేరే పెట్టింది, అది ఏబీసీడీల వరుసలో. ప్రోగ్రాములో మిషను చదవని మాటలు రాసుకోవడానికి వీలుంటుంది, తర్వాత చూసే మనుషుల కోసం. జర్మనీ మార్కు పక్కన అలాంటి మాట ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులోనే రాసింది: 'ఈ జాగ ఎవ్వలకు ఇయ్యొద్దు'.

శనివారం సంగమేశ్వర్ టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని మొదటి బస్సుకు పోయాడు. ఆదివారం తిరిగొచ్చాడు. "తీస్కున్నరు. వరుస చూసి ఒకాయన మొగం చిట్లించిండు. పాత రికార్డుల మీద నడిపి ఫోన్ చేస్తమన్నరు," అన్నాడు. అంతకు మించి చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. జగదేవి సెంటర్‌కు వచ్చే పిల్లలకు డీసీఏ కంప్యూటర్ కోర్సు పాఠం చెప్పింది, రెండో మిషను తెర రోజుకు నాలుగుసార్లు తుడిచింది. జహీరాబాదు బస్సు కిటికీలోంచి కనిపిస్తే చూపు తిప్పుకుంది.

బుధవారం నాడు ఒక నోట్‌బుక్ పట్టుకుని తల్లి పక్కన కూర్చుంది. "అవ్వా, బోరింగు కాడి నుంచి చెప్పు."

బసమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ కళ్ళు మూసుకుంది. ఖాళీ మైదానం ఆమెకు మూసిన కళ్ళలో కనిపిస్తుంది. "ఒకటి సిద్దవ్వ. రెండు గాజుల ఈరమ్మ. మూడు..." ఐదు దగ్గర ఆగింది. "అక్కమ్మ."

"రాసిన. ఖాళీ అని."

"ఆఁ. ఆమె పేరు కూడ రాయి, ఖాళీ అన్నది పక్కకు రాయి. ఆరు పుట్నాల మాణిక్కప్ప. ఏడు సాలవ్వ, ఎనిమిది నేను." చివరికి వచ్చేసరికి మొన్న ఉగాదికి కొత్తగా వచ్చిన లీలమ్మ నలభై నాలుగైంది. "సంగప్ప ఒప్పుకుంటడా?" అని అడిగింది జగదేవి.

"ఒప్పుకోక? మొన్న గా కాగితం పట్టుకుని తిరిగితె సగం మంది వాళ్ళ జాగలల్లనే ఉన్నరు, సగం మంది ఇంకో జాగల. ఎవ్వలు ఇచ్చిండ్రో, ఎవ్వలు ఇయ్యలేదో ఆయనకే సమజ్ కాలే. పరేషాన్ అయి పొయిండు."

ఆ మాట నిజమే. కొత్త కాగితం చేతిలో పెడితే సంగప్ప పైనుంచి కిందికి చూసి, "ఇందుల ఏబీసీడీలు లేవే," అన్నాడు.

"పేరు దొరకవట్టనీకి ఎనకకు తిప్పుండ్రి. అటు ఏబీసీడీలు, పక్కన జాగ నెంబరు. జాగ మాత్రం మారది," అంది జగదేవి.

సంగప్ప తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. సగం నవ్వుతూ, "మొన్ననే గిట్ల చేస్తె నాకు గంత పరేషాని తప్పుతుండె గదా," అన్నాడు. కాగితానికి ఈసారి డబ్బులు తీసుకోలేదు జగదేవి.

గురువారం అంగడి. సున్నం అంకెలు అవే ఉన్నాయి, మనుషులు మారారు. ఐదో గుండ్రంలోకి సంగప్పే స్వయంగా రాయి దొర్లించి పెట్టాడు. సాలమ్మ ఏడులో తాళ్ళ కట్టలు పేర్చుకుంటూ బసమ్మతో వారం రోజుల ముచ్చట్లు ఒక్క పూటలో తీర్చుకుంటోంది. దేవప్ప తన పాత పదిహేనో జాగలో కూర్చున్నాడు. సంగయ్య వచ్చాడు. బోరింగు తడిమి, కర్ర తాటిస్తూ, రాయిని కూడా తాటించి, ఏడు దగ్గర ఆగాడు.

"సాలవ్వా?"

"నేనే తాతా."

"ఇంకో ఎద్దుకు కూడ పట్టెడ కావాలె," అని సంచిలోంచి రెండో గంట తీసి ఆమె చేతిలో పెట్టాడు. పోయేటప్పుడు దేవప్ప దగ్గర ఆగి ఎల్లిగడ్డలు కూడా కొన్నాడు. బేరం ఆడలేదు.

జగదేవి తల్లికి రొట్టె విరిచి ఇస్తుండగా సంగమేశ్వర్ జనం నడుమ నుంచి వచ్చాడు. ఆ మనిషి అంగట్లోకి రావడమే అరుదు, అందులోనూ చెప్పులు లేకుండా. సెంటర్ బయట విడిచినవి వేసుకోవడం మరిచిపోయినట్టున్నాడు.

"ఎస్టీడీ బూతుకు ఫోన్ వచ్చింది," అన్నాడు రొప్పుతూ. "నాలుగు వేల రికార్డులు. ఒక్కటి తప్పలేదట. నీ కంటే ముందు హైదరాబాదుల ఎవ్వలో చేసిచ్చిండ్రట, ఏబీసీడీ వరుస చక్కగ పెట్టి. నడిపితె సగం తలకిందులైనయట. ఎందుకైనయో వాళ్ళకు సమజ్ కాక మనకిచ్చిండ్రు."

"మరి మొగం చిట్లించినాయన?"

"ఆయనే మాట్లాడిండు. మార్కు పక్కన ఏందో రాసిండ్రు, ఏంది అది అని అడిగిండు. చెప్పిన. నవ్విండు. ఆ లైను అట్లనే ఉంచుమన్నడు." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "సాలంత పని మనదే జగదేవీ. మిషిను ఏడికి పోదు."

జగదేవి నవ్వేసింది. చేతిలోని రొట్టె ముక్కను ఆయనకే ఇచ్చేసింది. ఆయనా తీసుకుని తినేశాడు. బసమ్మ అర్థమైందో లేదో గాని కూతురి ముఖం చూసి, గంపలోంచి చింతపండు గుప్పెడు తీసి కాగితంలో కట్టి సంగమేశ్వర్ చేతిలో పెట్టింది. "ఇంటికి తీస్కపో కొడుకా," అంది. పక్క నుంచి సాలమ్మ, "ఏమైంది, ఏమైంది?" అని అడుగుతూనే ఉంది. "మన పిల్లకు జాగ దొరికింది," అని చెప్పింది బసమ్మ.

మర్నాడు పొద్దున సెంటర్‌లో బల్ల మీద కొత్త హాజరు పుస్తకం ఉంది. అట్ట మీద పసుపు బొట్లు. సంగమేశ్వర్ మొదటి పేజీలో స్కేలుతో గీతలు కొట్టి ఉంచాడు.

"ఇద్దరమే అయినా పద్ధతి పద్ధతే," అన్నాడు కలం ఇస్తూ. "ఏబీసీడీల ప్రకారమైతె నీదే ముందు. ఒకటో నెంబరు రాసుకో."

జగదేవి కలం తీసుకుంది. కిటికీ అవతల బీదరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమె మొదటి గీతలో ఆయన పేరు రాసి, రెండో గీతలో తన పేరు రాసుకుంది.

"ముందుగల వచ్చింది మీరు సార్," అంది. "నాది రెండు. ఇగ ఎవ్వలొచ్చినా మూడు నుంచి."

పుస్తకం మూసి, రెండో మిషను మీది పూల ముసుగు తీసింది.